గీత దాటని కారు

గురువారం ఉదయం పది గంటల నలభై నిమిషాలు.

మ్యూజియం హాల్లో ఒక కేక వినిపించింది.

"వాచీ లేదు!"

కేక వేసింది లంబెర్తో. ఆ రేసు కార్ల మ్యూజియంలో టికెట్లు అమ్మేదీ, అద్దాలు తుడిచేదీ, వచ్చినవాళ్ళకి అడక్కపోయినా కథలు చెప్పేదీ ఆయనే. చేతిలో తుడిచే గుడ్డ. ఎదురుగా గాజు పెట్టె. పెట్టెలో నీలం మఖ్మల్ దిండు. దిండు మధ్యలో గుండ్రటి గుంట. ఆ గుంటలో ఉండాల్సిన స్టాప్‌వాచీ లేదు.

గాజు పగల్లేదు. తాళం విరగలేదు. వేసింది వేసినట్టే ఉంది.

ఆ సమయానికి హాల్లో ఉన్న సందర్శకురాలు ఒక్కరే. పేరు నీవెస్ గార్దెల్లి. వయసు యాభై రెండు. రవెన్నా పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్. ఆరోజు మాత్రం డ్యూటీలో లేదు. సెలవులు కొండలా పేరుకుపోయాయనీ, వాడుకుని తీరాలనీ పైవాళ్ళు బలవంతంగా ఇంటికి పంపారు. మూడు రోజులు అలమరలు సర్దింది. నాలుగో రోజుకి సర్దడానికి అలమరలు మిగల్లేదు. పళ్ళ డాక్టరు గదిలో దొరికిన ఈ మ్యూజియం కరపత్రం ఒకటి సంచిలో ఉంటే, అది పట్టుకుని పొద్దున్నే రైలెక్కి బోర్గో లమోనె అనే ఈ ఊళ్ళో దిగింది. కార్ల పందేలంటే ఆమెకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చోలేక వచ్చింది.

మా రొమాన్యా ప్రాంతం సంగతి తెలిసిందే. ఊరికో చర్చి ఉంటే రెండు గ్యారేజీలుంటాయి. నవంబరు వచ్చిందంటే పొగమంచులో రెండూ కనిపించవు. స్టేషన్ నుంచి మ్యూజియం దాకా నడిచిన పావుగంటలో ఆమెకు ఒక్క మనిషి ఎదురుపడలేదు.

టికెట్ కొన్నది పది గంటల నాలుగు నిమిషాలకి.

"ఒక్కరేనా, సిన్యోరా?" అన్నాడు లంబెర్తో.

"ఒక్కదాన్నే."

"ఇద్దరైతే రెండో టికెట్ సగం ధరే."

"అంటే ఒంటరిగా వచ్చినందుకు జరిమానా అన్నమాట."

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

హాల్లో పద్నాలుగు రేసు కార్లు, రెండు వరసలుగా. తొందరేమీ లేదు కాబట్టి ప్రతి బోర్డూ చదివింది. ప్రతి కారు ముందూ నేలమీద ఒక పసుపు గీత. కారు ముందు చక్రాలు ఆ గీత మీద ఉండాలని కాబోలు. కానీ పదమూడు కార్లు గీతని మూరెడు దాటి ఉన్నాయి. రెండో వరస చివర, గోడ పక్కనున్న ఎర్ర కారు, పందెం నంబరు పదిహేడు, అదొక్కటే సరిగ్గా గీత మీద నిలబడింది. ఒక్కటైనా బుద్ధిగా ఉందిలే అనుకుని ఆమె ముందుకు వెళ్ళింది.

మీరైనా అలాగే అనుకుంటారు.

* * *

పదకొండు గంటల అయిదు నిమిషాలకి కారబినియేరి అనే సైనిక పోలీసుల ఊరి ఠాణా నుంచి దాని అధికారి, మారెషాల్లో అదెల్మో రిచ్చి వచ్చాడు. భారీ మనిషి. జలుబు. ముక్కు చీదుకుంటూనే అందరినీ ఒక చోట నిలబెట్టాడు. సంచులు, జేబులు, కోట్లు అన్నీ వెతికాడు. నీవెస్ సంచిలో ఒక ఆపిల్, ఒక గళ్ళనుడికట్టు పుస్తకం, కాగితంలో చుట్టిన పియదీనా రొట్టె, ఒక గుర్తింపు కార్డు దొరికాయి.

"పోలీసా?"

"సెలవులో ఉన్నాను."

"సెలవులో ఉన్న పోలీసు ఒక్కతే కార్ల మ్యూజియంకి వచ్చిందంటే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది."

"మీ కారబినియేరి వాళ్ళ అనుమానాలు మా పోలీసులకి కొత్తేమీ కాదు, మారెషాల్లో. మీకు అనుమానం వచ్చేలోపు దొంగకి పెన్షన్ వస్తుంది."

అదెల్మో తుమ్మాడు. ఆ తుమ్ములో నవ్వు కూడా కలిసిందని ఆమెకు తెలిసింది. ఆ తర్వాత ఆమెను పక్కన నిలబడి వినమన్నాడు.

మ్యూజియం మనుషులు ముగ్గురు. డైరెక్టర్ ఫియమ్మెత్తా జోలి, యాభై ఎనిమిదేళ్ళు. ఈ భవనం ఒకప్పుడు ఆమె తండ్రి అవురేలియో జోలి గ్యారేజీ. రెండో మనిషి లంబెర్తో. మూడో మనిషి ఇడాల్గో మొందీని, డెబ్బై ఏడేళ్ళ మెకానిక్. అవురేలియో దగ్గర కుర్రవాడిగా చేరి ఇప్పటికీ ఆ కార్లకే సేవ చేస్తున్నాడు.

"పొద్దున్న ఎవరెప్పుడు వచ్చారు?"

"నేను ఎనిమిదిన్నరకి. హీటింగ్ వేసి పై గదిలోకి వెళ్ళిపోయాను" అంది ఫియమ్మెత్తా.

"తొమ్మిదీ పది" అన్నాడు ఇడాల్గో.

"పావు తక్కువ పది. రోజూలాగే ఆలస్యం" అన్నాడు లంబెర్తో.

"వాచీని ఆఖరుసారి చూసింది?"

"నిన్న సాయంత్రం ఆరింటికి. దీపాలార్పేముందు" అన్నాడు ఇడాల్గో.

"గాజు పెట్టెకి తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి ఇడాల్గో గుత్తిలో. ఒకటి నాది, బొలోన్యాలో మా ఇంట్లో ఉంది" అంది ఫియమ్మెత్తా.

ఆ వాచీ కథ మా ఊళ్ళల్లో తెలియని వాళ్ళు లేరు. 1962లో ఎర్మెస్ తబనెల్లి అనే కుర్రవాడు ఈ ఊరి వీధుల్లో జరిగిన పందెంలో అందరికంటే వేగంగా ఒక చుట్టు తిరిగాడు. ఆ చుట్టుని కొలిచింది అవురేలియో మెడలోని స్టాప్‌వాచీ. మూడు వారాలకి ఎర్మెస్ మరో పందెంలో చనిపోయాడు. ముల్లు ఆగిన చోటే ఆగిన ఆ వాచీని చూడడానికి అప్పట్నుంచీ జనం వస్తూనే ఉన్నారు. మర్నాడు, అంటే శుక్రవారం, మిలాన్ నుంచి ఒక నిపుణుడు టీవీవాళ్ళతో రాబోతున్నాడు. వాచీ వెనక మూత విప్పి, లోపలి నంబరు పాత రిజిస్టరుతో సరిచూసి, అదే ఇదని అందరిముందూ ప్రకటిస్తాడు.

"దాన్ని విప్పడం ఎవరికైనా ఇష్టం లేదా?" అన్నాడు అదెల్మో.

లంబెర్తో నేల చూస్తూ అన్నాడు. "మంగళవారం ఇడాల్గో గొడవ చేశాడు. ఎవడో స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని కెలికితే ఊరుకోనన్నాడు. ఆయన మంచికోసమే చెప్తున్నాను, మారెషాల్లో. ఎలాగూ తెలుస్తుంది కదా."

"నిజమేనా ఇడాల్గో?"

"నిజమే."

"తాళంచెవి నీ దగ్గరుంది. నిన్న సాయంత్రం తాళం వేసింది నువ్వు. వాచీ విప్పొద్దని పట్టుబట్టింది నువ్వు. నువ్వు తీశావా?"

ముసలాయన అవుననలేదు, కాదనలేదు. నూనె మరకల చేతుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

ఫియమ్మెత్తా గొంతు సవరించుకుంది. "ఇడాల్గో, విచారణ అయ్యేదాకా మీ తాళంచెవులు ఇక్కడ పెట్టండి."

ఇడాల్గోని 'మీరు' అంది. పావుగంట క్రితం, కోటు విప్పి చూపించమన్నప్పుడు, "నువ్వు ముందు విప్పు, ఇడాల్గో" అన్న మనిషి ఆమే. నీవెస్ ఆ తేడా గమనించింది. గొంతులో కోపం ఉంటే వేరు. ఇందులో కోపం లేదు, భయం ఉంది.

ఇడాల్గో నడుముకున్న గుత్తి విప్పి బల్లమీద పెట్టాడు. ఆయనకి రోడ్డు అవతల ఒంటిగది ఇల్లు. భార్య పోయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. పొద్దున్న తొమ్మిదీ పదికి ఆ తాళంచెవి తిప్పితేనే ఆయనకి రోజు మొదలయ్యేది. అది లేకపోతే రేపు లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియని బతుకు ఎలా ఉంటుందో నీవెస్‌కి నాలుగు రోజులుగా తెలుసు.

* * *

"మారెషాల్లో, నాకు ఒక గంట ఇవ్వండి" అంది.

"సెలవులో ఉన్నానన్నారు?"

"ఇంతకంటే మంచి సెలవు నాకు తెలీదు."

ఆమె మళ్ళీ కార్ల దగ్గరికి వెళ్ళింది. ఈసారి బోర్డులు చదవలేదు. మోకాళ్ళమీద వంగి టైర్లు చూసింది. ప్రతి టైరు అంచునా సుద్దతో పెట్టిన తెల్ల చుక్క ఉంది. పదమూడు కార్లకి ఆ చుక్క ముందువైపుంది. పదిహేడో నంబరు కారుకి మాత్రం చుక్క పైనుంది.

లంబెర్తోని పిలిచింది.

"ఈ చుక్కలేమిటి?"

"అవా? టైరు ఎక్కువకాలం ఒకేచోట నిలబడితే బరువుకి అడుగు చదునైపోతుంది, సిన్యోరా. ఈ పాత కొలతల టైర్లు ఇప్పుడు దొరకవు. అందుకని ఇడాల్గో ప్రతి సోమవారం కార్లన్నిటినీ పావు చుట్టు జరుపుతాడు. ఒక వారం ముందుకి, మరుసటి వారం వెనక్కి. ఏ కారు జరిపామో మర్చిపోకుండా ఆ చుక్క."

"ఆయనొక్కడే తోస్తాడా?"

"మోకాలు చిప్ప మార్చిన మనిషి, ఎక్కడ తోస్తాడు! స్టీరింగ్ ఆయన పడతాడు, తోసేది నేను. సోమవారం సెలవు కదా, డైరెక్టర్ గారు కూడా రారు. బొలోన్యాలో ఆవిడకి స్కూల్లో పాఠాలు. మేమిద్దరమే. జనం ఉంటే ఆయన జరపనివ్వడు. కార్లు సిగ్గుపడతాయట."

"ఈ సోమవారం జరిపింది ముందుకా, వెనక్కా?"

"ముందుకి. పద్నాలుగూ."

"ఈ ఎర్రదాన్ని కూడా?"

"దాన్నే మొదట. తేలిక కదా, ఒక్క చేత్తో..." అంటూ లంబెర్తో ఎర్ర కారు వైపు చూశాడు. మాట అక్కడే ఆగిపోయింది. "ఇదేంటి, ఇది గీత మీదుందేంటి?"

"ఇంకెవరితోనూ అనకండి. కారు కింద పరిచిన ఈ రబ్బరు పట్టా కింద ఏముంది?"

"తెలీదు. నేను చేరి మూడేళ్ళే. ఎప్పుడూ ఎత్తలేదు."

నీవెస్ ఇడాల్గో దగ్గరికి వెళ్ళింది. ఆయన కిటికీ దగ్గర బల్లమీద కూర్చుని పొగమంచులోకి చూస్తున్నాడు. ఎదురింటి తలుపు కూడా కనిపించడం లేదు. ఆమె పియదీనా సగం విరిచి ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు గానీ తినలేదు.

"పదిహేడో నంబరు కింద ఏముంది?"

"నేల" అన్నాడు ఇడాల్గో.

ప్రశ్న పూర్తవకముందే వచ్చిన జవాబు అది. పొద్దున్నించీ ప్రతి ప్రశ్నకీ పది క్షణాలు తీసుకున్న మనిషి, దీనికొక్కదానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

* * *

పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. ఇడాల్గో తప్ప అందరూ ఎర్ర కారు చుట్టూ చేరారు.

"తొందరగా కానివ్వండి, ఇన్‌స్పెక్టర్. నా భోజనం చల్లారిపోతోంది" అన్నాడు అదెల్మో.

"వాచీ ఈ భవనం దాటలేదు" అంది నీవెస్. "పద్నాలుగు కార్లనీ ఒకసారి చూడండి. ఏది తప్పుగా ఉంది?"

"ఇదొక్కటే సరిగ్గా ఉంది. మిగతావన్నీ గీత దాటాయి."

"నేనూ అలాగే అనుకున్నాను. తప్పుగా ఉన్నది ఇదొక్కటే. సోమవారం పద్నాలుగు కార్లనీ గీత దాటించి పెట్టారు. ఆ తర్వాత ఎవరో దీన్ని ముందుకి తోశారు. తిరిగి తెచ్చి గీత మీద నిలబెట్టారు. లంబెర్తో, తోయండి."

లంబెర్తో భుజం ఆనించాడు. కారు మెల్లగా ముందుకు జరిగింది. అదెల్మో రబ్బరు పట్టా ఎత్తాడు. కింద చెక్కలు. చెక్కలు తీస్తే చీకటి గుంట, దిగడానికి నాలుగు మెట్లు. గ్యారేజీ రోజుల్లో మెకానిక్కులు అందులోకి దిగి కారు కింద పని చేసేవాళ్ళు.

అదెల్మో టార్చి వేశాడు. రెండో మెట్టు మీద తుప్పు పట్టిన నూనె డబ్బా. డబ్బాలో గుడ్డ. గుడ్డలో వాచీ.

"నువ్వే చేశావా, ఇడాల్గో?" అన్నాడు అదెల్మో, ఈసారి బాధగా.

"ఆయన కాదు" అంది నీవెస్. "కారు తేలికదే, అయినా ఆ మోకాలితో ఆయన ఒక్కడే తోయలేడు. లంబెర్తో తోయగలడు, కానీ కింద గుంట ఉందని ఆయనకి తెలీదు. పైగా ఇద్దరిలో ఎవరు తోసినా కారుని తిరిగి గీత దాటించే పెట్టేవాళ్ళు. సోమవారం తామే జరిపారు కదా. చుక్క చూసుకునేవాళ్ళు. గీత మీద పెట్టింది ఎవరంటే, కారు గీత మీద ఉండాలని తెలిసి, సోమవారాల సంగతి తెలియని మనిషి. సోమవారం ఎప్పుడూ ఇక్కడ లేని మనిషి. ఈ గ్యారేజీలో పుట్టి పెరిగి, ఆ గుంటలో ఆడుకున్న మనిషి. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదీ పది దాకా ఇక్కడ ఒంటరిగా ఉన్న మనిషి."

ఎవరూ ఫియమ్మెత్తా వైపు చూడలేదు. అందుకే ఆమె తలెత్తగలిగింది.

"తాళంచెవి బొలోన్యాలో లేదు. మారెషాల్లో వచ్చేలోపు బూటులో దాచుకున్నాను" అంది.

"ఎందుకమ్మా? మీ మ్యూజియంలో మీకే దొంగతనమా?" అన్నాడు అదెల్మో.

"అది ఎర్మెస్ వాచీ కాదు" అంది ఫియమ్మెత్తా. "పోయిన నెల నాన్న కాగితాల్లో ఒక రసీదు దొరికింది. ఎర్మెస్ అంత్యక్రియలైన వారానికి ఫయెంజాలో సరిగ్గా ఇలాంటి వాచీయే కొన్నాడు నాన్న. అసలుది అమ్మేసి ఉంటాడు. ఆ ఏడాదే గ్యారేజీకి కొత్త పైకప్పు వేశారు. రేపు టీవీ ముందు దీన్ని విప్పితే ఊరంతా నాన్న మొహాన ఉమ్మేసేది. పోయిందంటే ఏ గొడవా ఉండదనుకున్నాను. ఇడాల్గో మీదికి వస్తుందని... ఒట్టు, అలా అనుకోలేదు."

"అనుకోలేదు, సరే. వచ్చాక?" అంది నీవెస్.

ఫియమ్మెత్తా బల్లమీదున్న గుత్తి వైపు చూసింది.

అప్పుడు ఇడాల్గో కిటికీ దగ్గరి బల్లమీంచి లేచాడు. గోడ పట్టుకుని నెమ్మదిగా గుంట దాకా నడిచాడు.

"నువ్వే తీశావని నాకు పదకొండింటికే తెలుసు, పిల్లా. కారు గీత మీదుంది కదా."

"తెలిసీ నోరెత్తలేదా?" అంది ఫియమ్మెత్తా.

"ఎలా ఎత్తను? ఎత్తితే ఎందుకని అడుగుతారు. మీ నాన్నకి మాటిచ్చాను." ఆయన అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "మీ నాన్న వాచీ అమ్మలేదు. శవపేటిక మూసేముందు తన మెడలోంచి తీసి ఎర్మెస్ చొక్కా జేబులో పెట్టాడు. చూసింది నేనొక్కణ్ణే. ఇంక దీంతో ఎవరి టైమూ చూడక్కర్లేదు అన్నాడు. మర్నాటి నుంచీ జనం. వాచీ చూపించు, వాచీ చూపించు. ఎర్మెస్ వాళ్ళమ్మ కూడా వచ్చి అడిగింది. సమాధిలో ఉందని ఆ తల్లికి చెప్పే ధైర్యం లేక, వెళ్ళి ఇది కొనుక్కొచ్చాడు. ముల్లు ఆ అంకె మీద ఆపింది నేనే."

అదెల్మో తుమ్ము ఆపుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఫియమ్మెత్తా.

"నెల రోజులు ఆ రసీదు పట్టుకుని తిరిగావు కదా. రోడ్డు దాటి వచ్చి నన్ను ఒక్కమాట అడగలేకపోయావా? నేను ఎక్కడికి పోతాను? ఎప్పుడూ ఆ గదిలోనే ఉంటాను."

ఫియమ్మెత్తా ఏడ్చింది. చేతుల్లో మొహం దాచుకోకుండా, అందరి ముందూ ఏడ్చింది. తర్వాత బల్లమీదున్న గుత్తి తీసి ఆయనకి ఇవ్వబోయింది.

ఇడాల్గో తీసుకోలేదు.

"నేను దొంగగా నిలబడితే నువ్వు చూస్తూ ఊరుకున్నావు. గుంటలో పడ్డప్పుడు నీకు ఆరేళ్ళు. చెయ్యి పట్టి పైకి లాగింది నేను. ముందు ఆ మిలాన్ ఆయనకి ఫోన్ చెయ్యి. వాచీ ఎక్కడుందో నీ నోటితో చెప్పు. ఎర్మెస్ వాళ్ళమ్మ ఇప్పుడు లేదు. మీ నాన్న లేడు. ఇంక ఎవరికోసం దాస్తాం?"

ఆమె చేసింది. అక్కడే, అందరికీ వినబడేలా. ఈ పెట్టెలోది ఎర్మెస్ వాచీ కాదంది. అసలుది సమాధిలో ఉందంది. తన తండ్రి పెట్టాడంది. పోయిందని అబద్ధం చెప్పింది తనేనంది. అవతలివైపు ఆయన ఏదో అడిగాడు. "రండి. రేపు తప్పకుండా రండి. చూసిన మనిషి ఇక్కడే ఉన్నాడు. ఆయనే చెప్తాడు" అందామె.

అదెల్మో సగం రాసిన ఫిర్యాదు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "పెన్నులో ఇంకు అయిపోయింది" అన్నాడు ఎవరినీ చూడకుండా.

ఇడాల్గో గుత్తి అందుకున్నాడు. బెల్టుకి తగిలించబోతే కొక్కెం పట్టు దొరకలేదు. మూడుసార్లు జారింది. ఫియమ్మెత్తా ఆయన ముందు మోకాళ్ళమీద కూర్చుని తనే తగిలించింది.

"లే, పిల్లా. నేల చల్లగా ఉంది" అన్నాడాయన.

లంబెర్తో కాఫీ పెడతానని పరిగెత్తాడు. ఎర్మెస్ చిన్నప్పుడు ఎలా ఉండేవాడని అదెల్మో అడిగాడు. ఇడాల్గో చెప్పడం మొదలుపెట్టాడు. యాభై ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాటలు కాబట్టి ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. మిగతా ఇద్దరూ ఆయనకి దగ్గరగా జరిగారు.

నీవెస్ కోటు తీసుకుంది. గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగింది, ఎవరైనా పిలుస్తారేమోనని. లోపల ఇడాల్గో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఎవరూ పిలవలేదు. అందుకు ఆమెకు కోపం రాలేదు. వాళ్ళకి మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి పొగమంచులోకి దిగింది.

రెండూ పది రైలుకి ఇంకా గంట ఉంది. స్టేషన్ బెంచీ మీద కూర్చుంది. చాలాకాలానికి మంచి పని ఒకటి చేశానని సంతోషంగానే అనిపించింది. ఎవరికైనా చెప్పాలని ఫోను తీసింది. పేర్లన్నీ మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూసింది. మళ్ళీ చివరినుంచి మొదటిదాకా చూసింది. తర్వాత ఫోను కోటు జేబులో పెట్టేసి, రైలు వచ్చే వైపు చూస్తూ కూర్చుంది.